కేకు విషయమై సంజాయిషీ

నారాయణగూడ,
22 జనవరి 2025

అశోక్ నగర్ గృహాధికారిణి చి. సౌ. రచన గారి సముఖమునకు,

విషయం: చి. తన్మయి తొమ్మిదవ పుట్టినరోజు నాడు వడ్డించిన చాక్లెట్ కేకుపై సంజాయిషీ.
సూచిక: పిల్లల ఆసుపత్రి మెట్ల మీద తమరు జారీ చేసిన మౌఖిక ఉత్తర్వు: "ఇగ ఏదున్నా రాసి పంపు చిన్నమ్మా. నోటితోని మాట్లాడకు."

ఉత్తర్వును శిరసావహిస్తున్నాను. గ్రూప్స్ పరీక్ష కోసం నువ్వు అశోక్ నగర్ కోచింగ్ గదుల్లో చెమటలు కక్కిన రోజుల్లో, ఆఫీసు భాష అబ్బడం లేదని ఏడిస్తే, ఇంట్లో ఉప్పు నిండుకున్న సంగతిని కూడా విషయం, సూచిక పెట్టి నీచేత రాయించింది ఈ చిన్నమ్మే. కాలేజీలో పాలనాశాస్త్రం బోధించి రిటైరైన మనిషిని గనక, నేర్పిన విద్య నేర్పిన వారి మీదికే తాఖీదుగా రావడం శాస్త్రసమ్మతమేనని ఒప్పుకుంటున్నాను.

ఇక వాస్తవాలు. గోధుమలో ఉండే గ్లూటెన్ తన్మయి పేగుకు పడదని, చిటికెడు తగిలినా పేగు లోపలి పొర దెబ్బతింటుందని డాక్టరు చెప్పిన నాటి నుంచి నా వంటింట్లో గోధుమకు ప్రవేశం లేదు. కేకు కోసం బియ్యం కడిగి, ఫ్యాను కింద దుప్పటి మీద ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీ పట్టి, జల్లించాను. గిర్నీకి పంపలేదు. అక్కడి రాళ్ల మధ్య అంతకుముందు ఎవరి గోధుమలు నలిగాయో చెప్పేవారుండరు. బాదం పొడి కూడా ఇంట్లో పట్టిందే. గ్లూటెన్ లేని పిండికి పట్టు ఉండదు, ఆ పట్టు కోడిగుడ్డు ఇస్తుందని చెబితే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా ఇంట్లోకి కోడిగుడ్లను అనుమతించాను. వాటికి బాల్కనీలో తాత్కాలిక వసతి కల్పించాను. కుక్కర్‌కు గ్యాస్కెట్టు, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, సన్నని సెగ మీద ఉడకనిచ్చాను. నడుమ కొంచెం దిగింది. తన్మయి చూసి, "అమ్మమ్మా, మీ గల్లీ రోడ్డు లెక్కనే గుంత పడ్డది" అంది. ఆ గుంతలోంచే రెండు ముక్కలు తిన్నది. సాయంత్రానికి వాంతులు, కడుపునొప్పి, ఆసుపత్రి.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలియదు. తెలిస్తే దాచను. మనవి ఒక్కటే. బడి బస్సు ఎప్పటిలా తన్మయిని నారాయణగూడ చౌరస్తాలో దించనివ్వు. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా పిల్ల నా దగ్గర ఉంటుంది. ఏమీ పెట్టను. మంచినీళ్లు కూడా మీ ఇంటివే పంపు.

ఉత్తర్వులకై ఎదురుచూస్తూ,
దమయంతి

~

అశోక్ నగర్,
27 జనవరి 2025

శ్రీమతి దమయంతి గారికి,

విషయం: తమరి సంజాయిషీ.

అందినది. పరిశీలించబడినది. తిరస్కరించబడినది.

తమరు బియ్యం కడిగిన విధానం మీద ఒక పేజీ రాశారు. పిల్ల చేతికి సెలైన్ సూది గుచ్చుతుంటే అది నా వైపు ఎట్లా చూసిందో రాయలేదు. అది తమరి పరిధిలో లేదు గనక రాయలేదనుకుంటాను. దాని తండ్రి ఉదయ్ కుమార్ పుణె నుంచి రెండు రోజులకు గాని రాలేకపోయాడు. అప్పటిదాకా చూసింది నేనొక్కదాన్నే.

మరో సంగతి. మన రెండిళ్లలోనూ పనిచేసే ఈదమ్మను ఊరికే అడిగాను. "ఆ దినం పొద్దుగాల నేనే పిండి పిసికిన గద రచనమ్మా, దమయంతమ్మ చెప్తెనే" అంది. గోధుమకు ప్రవేశం లేని ఇంట్లో ఏ పిండి పిసికారో తమరే సెలవివ్వాలి.

తన్మయి ఇకనుంచి బడి అయ్యాక ఇక్కడే ట్యూషన్ ఆంటీ ఇంట్లో ఉంటుంది. ఏప్రిల్‌లో మళ్లీ రక్త పరీక్ష. గోధుమ చేసే చెరుపును అందులో ఒక అంకె చూపుతుంది. తమరికి దూరమయ్యాక ఆ అంకె దిగితే కారణమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. ప్రస్తుతం పిల్లకు పథ్యం పెడుతున్నాను. మెత్తటి అన్నం, చారు. రెండు పూటలా అదే. అది కూడా ఒంటబట్టడం లేదు.

పై ఉత్తర్వులు వెంటనే అమలులోకి వచ్చును.

రచన

~

నారాయణగూడ,
3 ఫిబ్రవరి 2025

చి. రచనకు,

విషయం: పిండి పిసుకుటపై వివరణ.

ఈదమ్మ పిసికింది బియ్యప్పిండి, సర్వపిండి కోసం. అది నూనెలో కాలుతున్న వాసనకే తన్మయి లిఫ్టు ఆగకముందే దిగబోయేది, నీకు తెలియంది కాదు. ఈదమ్మను పిలిచి, "రచనమ్మతో ఏ పిండి అని చెప్పినవే?" అని నిలదీశాను. "ఏ పిండి అని ఆమె అడగలే, నేను చెప్పలే. అడిగినదానికే జవాబు చెప్పాలె గద, మీరే అంటరు," అంది. పాలనాశాస్త్రం ఎంత దూరం పాకిందో చూశావు గదా.

అయితే సాక్షిని తప్పుపట్టి నేను బయటపడదలచుకోలేదు. పిల్ల కడుపులోకి గోధుమ ఎటునుంచో పోయింది. కేకులోంచే అయితే నా ఇంట్లోంచే. నాలుగు గోడలూ తడిమి చూసుకుంటున్నాను, తోవ దొరకడం లేదు.

ట్యూషన్ ఆంటీ ఇంట్లో ఫ్యాను ఉందా? తన్మయికి చెమట పడితే మెడ మీద పొక్కులు వస్తాయి. ఈ వాక్యం విషయానికి సంబంధించనిది. కొట్టివేయవచ్చు.

దమయంతి

~

అశోక్ నగర్,
21 ఏప్రిల్ 2025

శ్రీమతి దమయంతి గారికి,

విషయం: రక్త పరీక్ష ఫలితము, తదనంతర చర్య.

అంకె దిగలేదు. కొంచెం పెరిగింది.

డాక్టరు కంప్యూటర్ వైపే చూస్తూ, "ఇంకా గోధుమ పోతున్నదమ్మా లోపలికి. ఇంట్ల ఎవరన్నా పెడ్తున్నరా?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. "ఎవరో ఉన్నరు," అన్నాడు. ఇలాగే సాగితే మళ్లీ గొట్టం వేసి పేగు చూడాలట. ప్రార్థనలో పొట్టి పిల్లలు ముందు నిలబడతారు. తన్మయి ఇప్పుడు అందరికంటే ముందు నిలబడుతోంది. నిరుడు దాని వెనక నిలబడ్డ పిల్లలు ఇప్పుడు దాని తల మీదుగా స్టేజీ చూస్తున్నారు.

ఇంట్లో నేను పెట్టడం లేదు. గోధుమ పిండి, రవ్వ, సేమ్యా, బిస్కట్లు అన్నీ పారేశాను. తవ్వా కొత్తది కొన్నాను. మరి ఎవరు? నిన్న ట్యూషన్ ఆంటీని అడిగాను. "ఒక పెద్దమనిషి వస్తరు మేడం. తెల్ల జుట్టు, నేత చీర. గేటు కాడ నిలబడి పోతరు," అంది.

తమరు గేటు దాకా వచ్చి ఊరికే పోయారని నమ్మమంటారా? జేబురుమాలులో, సంచిలో, చెంగులో ఏం పట్టుకొచ్చారు?

కరీంనగర్ బదిలీకి దరఖాస్తు పెడుతున్నాను. మే నెలాఖరుకు ఉత్తర్వులు వస్తాయి. ఆ ఊళ్లో దానికి గేటు దగ్గర నిలబడేవాళ్లు ఉండరు.

చివరి అవకాశంగా ఒక్క మాట. తమరి వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి ప్యాకెట్టు బయటపెట్టి, దాని మీద ఏం అచ్చువేసి ఉందో అక్షరం వదలకుండా చదివి రాసి పంపండి. వారం గడువు.

రచన

~

నారాయణగూడ,
28 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం

చి. రచనకు,

విషయం: వంటింటి తనిఖీ నివేదిక.

ముందు గేటు సంగతి. వచ్చాను. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతున్నానని నాకు నేనే చెప్పుకుని బయలుదేరేదాన్ని. ఆటో అటు తిరగమంటే ఇటు తిప్పించేదాన్ని. చేతిలో ఏమీ తేలేదు. తన్మయి ఒక్కసారి చూసింది. చూసి, చెయ్యి ఊపబోయి, ఎవరైనా గమనిస్తున్నారా అని వెనక్కి తిరిగింది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ జాగ్రత్త నేర్పిన పాపంలో నాకూ భాగముంది. ఆ తర్వాత వెళ్లలేదు.

ఇక తనిఖీ. డైనింగ్ టేబుల్ మీద పాత చీర పరిచి, అరలు ఖాళీ చేసి, అన్నిటినీ దానిమీదికి దించాను. కళ్లజోడు చాలక, లైబ్రరీ పత్రికల కోసం కొన్న భూతద్దం కూడా పట్టుకున్నాను. కోకో డబ్బా మీద కోకో తప్ప వేరే మాట లేదు. కేకులో వేసిన సోడా ఉప్పు మీద దాని రసాయన నామం ఉంది, గోధుమ లేదు. చక్కెర, వెన్న, పెరుగు నిర్దోషులు. కేకులో పడిన ప్రతి వస్తువునూ పిలిచి విచారించాను, ఒక్కటీ దొరకలేదు. నా మనసు కొంచెం తేలికపడి, అల్మారాలో మిగిలినవి కూడా నీ ఆదేశం ప్రకారం చదువుతున్నాను. పసుపు సరే. మెంతులు సరే. పోపుల పెట్టె సరే. ఇంగువ

రచనా, ఇంగువ డబ్బా అడుగున చీమ కాళ్లంత అక్షరాల్లో గోధుమ పిండి అని ఉంది. సగం కంటే ఎక్కువ అదే. కోఠిలో నేను ఎప్పుడూ కొనే డబ్బా ఇది. ఇంగువ అంటే చెట్టు జిగురు గదా, చదవడానికి అందులో ఏముంటుందని ఏనాడూ తిప్పి చూడలేదు.

కేకులో ఇంగువ లేదు. చారు పొడిలో ఉంది. ఏటా నేనే కొట్టి సీసాకెత్తి నీకిస్తున్న చారు పొడిలో, గుప్పెడు వేసి.

నువ్వు రెండు పూటలా చారన్నం పెడుతున్నావు.

ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తు. మళ్లీ చేశాను. మీటింగులో ఉన్నావేమో. పిల్లకు వేసవి సెలవులు, ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడు భోజనాల వేళ. నేనే వస్తున్నాను

~

అశోక్ నగర్,
28 ఏప్రిల్ 2025, సాయంత్రం

దమయంతి గారికి,

విషయం లేదు. సూచిక లేదు. ఇది ఆఫీసు ఉత్తరం కాదు.

మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా నా ఇంట్లోకి వచ్చి, తింటున్న పిల్ల ముందునుంచి కంచం లాగేశారట. నోట్లో ముద్ద ఉంటే వేలు పెట్టి తీయించారట. చారు పొడి సీసా సంచిలో వేసుకుని వెళ్లిపోయారట. ఇచ్చిన వస్తువు కోపమొస్తే వెనక్కి పట్టుకుపోవడం ఏ శాస్త్రంలో నేర్చుకున్నారు?

ఈదమ్మ చెప్పిన మాటలు యథాతథంగా రాస్తున్నాను. "దమయంతమ్మ ఉరుక్కుంట వచ్చింది. చెప్పులు గూడ ఇడువలే. చారుల విషం ఉన్నది, నా పిల్లను చంపుతున్నరు అన్నది. నేను పరేషాన్ అయిన రచనమ్మా. చారుల విషమేంది, నేనేగా కాసిన అని ఏడ్చిన."

నేను నా బిడ్డను చంపుతున్నానా? నా బిడ్డ లేవలేకుండా పడుకుంటే దాని నోట్లో చెంచాతో చారు పోసింది నేను. వాంతి అయితే చారు, జ్వరం వస్తే చారు, ఏమీ తిననంటే చారు. మా అమ్మ పోయిన నాడు నువ్వు నాకు పెట్టింది కూడా చారన్నమే. అందులో విషముందని నా ఇంట్లో నిలబడి నా పనిమనిషితో అంటారా?

తన్మయి సాయంత్రం గోధుమ లేని బిస్కట్ తినమంటే రెండు చేతులూ దాని మీద కప్పి, నేను గదిలోంచి వెళ్లేదాకా తినలేదు. అది చూసి కూడా బతికే ఉన్నాను.

ఇక ఉత్తరాలు కూడా వద్దు.

రచన

~

నారాయణగూడ,
29 ఏప్రిల్ 2025

రచనా,

నిన్న రాస్తూ సగంలో వదిలేసిన కాగితం దీనితో జతచేశాను. కంగారులో టేబుల్ మీదే మరిచి వచ్చాను. ముందు అది చదువు. ఇంగువ డబ్బా కూడా పంపుతున్నాను, భూతద్దంతో సహా.

విషమని అన్నాను. గోధుమ అని కూడా అన్నాను. ఈదమ్మకు మొదటి మాటే వినబడింది. వినబడేలా అరిచింది నేను. చంపుతున్నారని అన్న మాట నీ గురించి కాదు, దాని కర్త నేనే. ఆ పొడి నా రోలులో నలిగింది.

మీ ఇంట్లో పప్పులో, మజ్జిగలో, నిరుడు పెట్టిన ఆవకాయలో కూడా నేను కొనిచ్చిన అదే ఇంగువ ఉంది. అన్నీ పారేయి. కేకు నిర్దోషి అని తేలింది గనక నన్ను వదిలేయమని అడగడం లేదు. కేకు మాత్రమే నిర్దోషి. కరీంనగర్ గురించి నీ నిర్ణయం నీది. అక్కడ దొరికే ఇంగువ కూడా తిప్పి చదువు.

దమయంతి

~

అశోక్ నగర్,
6 మే 2025

చిన్నమ్మకు,

డబ్బా చూశాను. భూతద్దం అక్కర్లేకపోయింది. ఒకసారి తెలిశాక అక్షరాలు పెద్దవిగానే కనబడ్డాయి.

వంటింట్లో నేల మీద కూర్చుని లెక్కవేసుకుంటున్నాను. కేకు తిన్న నాడు మధ్యాహ్నం ఇంట్లో నేను పెట్టింది పప్పుచారు. ఆసుపత్రి నుంచి వచ్చాక పథ్యం పేరుతో రెండు పూటలా పెట్టాను. పిల్ల నీరసపడిన కొద్దీ చారు చిక్కబెట్టాను. "అమ్మా, చారు వద్దు" అని అది ఎన్నిసార్లో అంది. "మందు లెక్క తాగు" అన్నాను. మందు లెక్క తాగింది.

నీ మీద కోపం తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు ఆ కోపం సగం దూరం పోయి, తోవలో నన్ను చూసి ఆగిపోతోంది. ఎటు పంపాలో తెలియడం లేదు. డాక్టరుకు చెబితే, "చారుల? ఇంగువనా?" అని కుర్చీ ఇటు తిప్పాడు. మూడు నెలలు శుభ్రంగా ఉంచి మళ్లీ పరీక్ష చేద్దామన్నాడు. బదిలీ దరఖాస్తు మీద సంతకం పెట్టి సొరుగులో ఉంచాను. ఇవ్వలేదు, చింపలేదు.

తన్మయి ఎవరు పెట్టినా తినడం లేదు. వండేటప్పుడు స్టూలు వేసుకుని పక్కన నిలబడి ప్రతి ప్యాకెట్టూ చదివించుకుంటుంది. ఉప్పు కూడా. తినేటప్పుడు కంచం చుట్టూ చెయ్యి పెట్టుకుంటుంది. నువ్వు దాని ప్రాణం కాపాడావని చెప్పాను. "కాపాడితే గుంజుకుంటరా?" అంది.

దీనికి నువ్వు ఏం జవాబు చెప్పాలనుకున్నా, నాకు రాయకు. దానికి చెప్పాలి. పరీక్ష అయ్యేదాకా ఆగు.

రచన

~

నారాయణగూడ,
16 ఆగస్టు 2025

రచనకు,

అంకె సగానికి దిగిందని ఈదమ్మ చెప్పింది. ఈసారి సాక్షిని అనుమానించకుండా నమ్మాను. ఈ రోజు తన్మయిని పంపినందుకు కృతజ్ఞతలు. నువ్వు కింద ఆటోలోనే కూర్చున్నావు గనక, పైన జరిగింది నీకు నివేదించడం నా విధి.

పొద్దున్నే కేకు చేశాను. జనవరిలో చేసినట్టే, అదే బియ్యప్పిండి, అదే కుక్కర్. నడుమ మళ్లీ దిగింది. తన్మయి గుమ్మంలోనే నిలబడి, "అందుల ఏమేమున్నయ్?" అని అడిగింది. చెప్పాను. డబ్బాలు కూడా చూపించాను. ఒక్కొక్కటీ తిప్పి చదివింది. ఆ చదువులో నాకు ఏ లోపమూ కనబడలేదు.

"ఇంగువ?" అంది.

"కేకుల ఇంగువ ఎవరు వేస్తరు తల్లీ?"

"చారుల గోధుమ ఎవరు వేస్తరు?"

ఎందరో విద్యార్థులను మౌఖిక పరీక్షల్లో నీళ్లు నమిలించిన నేను లేచి, ఇంగువ డబ్బా ఉండే అర తెరిచి ఖాళీ చూపించాను.

కేకు కోసి ముందు నన్ను తినమంది. అందులో కోడిగుడ్డు ఉందని తెలిసీ తిన్నాను. నా ముఖం చూస్తూ కూర్చుంది. కాసేపటికి తనకే తోచింది. "నీకు గోధుమ ఏం చెయ్యది గదా అమ్మమ్మా. నువ్వు తింటె ఏం లాభం?" అంది. నిజమే. మన ఇంట్లో ఆ పిల్ల ముందు ఎవరు తిని చూపినా లాభం లేదు. తినవలసింది తనొక్కతే.

అప్పుడు తన ముక్క తను కోసుకుంది. కంచం చుట్టూ చెయ్యి పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది. "మల్ల గుంజుకుంటవా?"

గుంజుకోనని చెప్పబోయాను. మాట నోటిదాకా వచ్చింది. పిల్లను ఊరుకోబెట్టడానికి అంతకంటే సులువైన మాట లేదు. కానీ ఆ మాట నిజం కాదు, రచనా.

"అందుల గోధుమ ఉన్నదని తెలిస్తే గుంజుకుంట," అన్నాను. "నువ్వు ఏడ్చినా గుంజుకుంట. కాకపోతే ఈసారి ఎందుకో నీకు ముందుగాల చెప్త. నాడు చెప్పలేదు. అది నా తప్పు."

కంచాన్ని ఒకసారి చుట్టూ తిప్పి చూసుకుంది. తర్వాత చెయ్యి తీసింది. తిన్నది. చిన్న ముక్కే. నువ్వు హారన్ కొట్టించే వేళకు మూతి కడుక్కుంటోంది.

ఇక రేపటిదాకా నాకు కాళ్లూ చేతులూ ఆడవు. కోకోలో కల్తీ ఉంటే? బాదం అమ్మినవాడి జల్లెడలో ముందు రవ్వ జల్లించి ఉంటే? అన్నీ చదివాను. ఇంగువను కూడా నేను అన్నేళ్లు వాడాను. పిల్ల ఎలా ఉందో ఒక్క ముక్క రాసి పంపు. ఫోన్ వద్దు. రాతలో అయితే రెండుసార్లు చదువుకోవచ్చు.

దమయంతి

~

అశోక్ నగర్,
17 ఆగస్టు 2025, పొద్దున

చిన్నమ్మా,

వాంతి లేదు. కడుపునొప్పి లేదు. రాత్రంతా దాని పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. మెత్తగా ఉంది.

ఇప్పుడే లేచింది. పళ్లు తోముకుంటూనే మిగిలిన కేకు ఎక్కడుందని అడిగింది. అమ్మమ్మ దగ్గరే ఉందన్నాను. రేపు బస్సు దిగి వస్తుందట, అప్పటిదాకా ఎవరికీ పెట్టొద్దని నీకు చెప్పమంది. ఈదమ్మకు కూడా.

రచన